బొటనవేలి కింద స్క్రూ

వ్యవసాయం ఎత్తేసిన వాళ్ళ సామాన్ల వేలంలో
నాలుగు పాలక్యాన్లు పాడుకుంటే
కొసరుగా వచ్చింది ఇది,
నాలుగు చక్రాల పిల్లల బండి.
ఒకప్పుడు ఎరుపు. వానకి వెలిసి వెలిసి
ఇప్పుడు చిగుళ్ళ రంగు.
పేరున్న రేకు ఊడిపోయింది.
ఏ కంపెనీదో, ఏ ఏటిదో
దానికే గుర్తున్నట్టు లేదు.

మాక్సెన్‌కి ఏడేళ్ళు.
ఆ రాత్రి హెల్మెట్ పెట్టుకునే పడుకున్నాడు.

తాడు లాగితే దగ్గింది.
మళ్ళీ లాగితే తాడు చేతికొచ్చింది.
ట్రెగారన్ కొండల మీద నవంబరు,
మూడున్నరకే చీకటి.
గొర్రెల కొట్టంలో బల్బు వేలాడదీసి
కార్బురేటర్ విప్పాను.
అడుగున పెట్రోలు పాతబడి
గడ్డకట్టిన దగ్గుమందులా ఉంది.
సూది మొన పట్టని జెట్టు.
తెగిన బ్రేకు కేబుల్లోంచి ఒక్క పోగు లాగి
దాంతోనే పొడిచాను.
దాని రోగానికి దాని నరమే మందు.
గొలుసయితే తుప్పుపట్టి
ఒక కొస పట్టుకుంటే కర్రలా నిలబడింది.

ఇద్వల్ పాత ఇనుపకొట్టు లాంపిటర్ దారిలో.
ఫోన్లో చెబితే వినడు.
"ముక్క పట్టుకురా" అంటాడు.
అరిగిన క్లచ్ అరచేతిలో పెడితే
తిప్పి చూశాడు, వాసన చూశాడు,
"పుట్టుక తైవాన్‌లో,
ఇటలీ పేరు పెట్టుకుని తిరిగింది" అన్నాడు.
"దీని తోబుట్టువులు మూడున్నాయి, వెనక,
దురదగొండి మొక్కల కింద."
చేతులు దద్దుర్లెక్కేదాకా వెతికాం.
ఒకదాని క్లచ్, ఒకదాని గొలుసు,
మూడోదానికి సీటు మీద ఎలుకల కాపురం,
దాని జోలికి పోలేదు.
క్లచ్ అచ్చంగా అదే కాదు.
గుడ్డిలో మెల్ల.
ఆకురాయితో రెండు సాయంత్రాలు ఒప్పించాను.

మూడో శనివారం స్టార్టయింది.
కొట్టమంతా నీలం పొగ.
కుక్క తప్ప అందరం నవ్వాం.

అప్పుడు చూశాను,
హ్యాండిల్ మీద, బొటనవేలితో నొక్కే మీట పక్కన
ఖాళీగా ఒక రంధ్రం.
వేగం మించకుండా ఆపే స్క్రూ ఉండాల్సిన చోటు.
రంధ్రం చుట్టూ గోళ్ళరంగు చుక్కలు:
గులాబీ, ఇంకాస్త అవతల ఊదా,
ఆ పైన మెరుపుల వెండి.
ఎవరో తల్లి
ఏడాదికింత చొప్పున వదులు చేసుకుంటూ పోయింది.
వెండి చుక్క దగ్గర ఆగిందో,
ఆగలేక ఆ పిల్లే పీకి పారేసిందో.

ఇంజన్ భాగాలు దొరికాయి.
ఈ స్క్రూ కోసం మళ్ళీ నలభై మైళ్ళు.
ఇద్వల్ జాము సీసా బోర్లించి
చూపుడువేలితో కెలికి కెలికి
ఒకటి తీసిచ్చాడు, నట్టుతో సహా.
డబ్బులు వద్దన్నాడు.
"తీసేసేవాళ్ళని చాలామందిని చూశాను" అన్నాడు,
అంతకు మించి ఏమీ అనలేదు.

అది మొత్తం లోపలికి బిగించి
నట్టు చేత్తోనే తిప్పి వదిలి
వాణ్ణి ఎక్కించాను.
గేటు నుంచి గేటుకి వెళ్ళాడు.
ఒక ముసలి గొర్రె వాణ్ణి దాటి పోయి
ఆగి, వెనక్కి తిరిగి చూసింది.
మాక్సెన్ ఏడవలేదు.
బండి నా ముందు ఆపి, హెల్మెట్ తీసి,
డాక్టరులా చెప్పాడు:
"అమ్మా, ఇది ఇంకా బాగవలేదు."

పొద్దున్నే మేతకని కొట్టంలోకి వెళ్తే
స్క్రూ తల మీద కొత్త గీత, తళతళ,
గాడి అంచున రాగి మరక.
రెండు పెన్నీల బిళ్ళతో ప్రయత్నించాడన్నమాట.
బిళ్ళ గాడిలో పట్టలేదు, జారిపోయింది.

ఏమీ అనలేదు నేను.
గొర్రెలకి మేత వేసి వచ్చి
స్క్రూడ్రైవర్ తీసి
పావు తిప్పు వదులు చేశాను.
తరవాత స్పానర్ వెతికి
నట్టు గట్టిగా బిగించాను.
చుక్క పెట్టడానికి నా దగ్గర గోళ్ళరంగు లేదు.
గొర్రెలకి గుర్తు వేసే పచ్చరంగు ఉంది,
అగ్గిపుల్లతో అంటించాను.
ఆరేలోగా వాడు లేచాడు.